పది నల్లవి, పది తెల్లవి

ఆ అమ్మాయి ఇంతవరకూ ఎవరి దగ్గరా పైకి అనని మాట ఒకటుంది. లెక్క వినగానే జవాబు ఆమెకి తెలిసిపోతుంది, ఎలా తెలిసిందో మాత్రం తెలీదు. ముందు జవాబు రాసేసి, దానికి తగ్గట్టు మెట్లు కింద నుంచి పైకి పేర్చుకుంటుంది. సొంతంగా నేర్చుకున్న చదువు కదా, అడిగేవాళ్లు లేక ఇన్నాళ్లూ గడిచిపోయింది. ఆమె పనిచేసే లాండ్రీలో అందరూ ఆమెని చటుక్కమ్మ అంటారు. ఇప్పుడు సాయంత్రం కాలేజీలో సీటు కావాలంటే లెక్కల మేడం ఎదుట నిలబడి ఒక లెక్కని నోటితో, మెట్టు మెట్టుగా చెప్పాలి. ఆ పరీక్షకి వస్తుందో రాదో ఇవాళ చీకటిపడేలోగా ఫోన్ చేసి చెప్పమంది మేడం. చెయ్యకూడదనే చటుక్కమ్మ అనుకుంది.

టీ వేళకి మిషన్లు ఆగాయి. ఇస్త్రీ బాబాయి బల్ల మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చుని, గ్లాసు అరచేతుల మధ్య దొర్లిస్తూ మొదలుపెట్టాడు.

"నేను పెద్ద హోటల్లో పనిచేసేటప్పటి మాట. ఓరోజు కరెంటు పోయింది. సంచిలో సాక్సులున్నాయి, పది నల్లవి, పది తెల్లవి. ఒకాయన రైలుకి పోవాలి, జోడు కావాలి. మేనేజరు ఏడుపు మొహం పెట్టాడు. నేనేమన్నానూ, అయ్యా, మూడు తీసుకెళ్లండి, అందులో రెండు ఒకే రంగువి కాక ఎక్కడికి పోతాయి అన్నాను."

అది నిజమేనని చటుక్కమ్మకి వెంటనే తోచింది. దుప్పట్లు మడతలు పెట్టే అక్క మాత్రం, ఇందులో గొప్పేముంది బాబాయ్ అని పెదవి విరిచింది.

"ఆగమ్మా, అసలుది ఇంకా రాలేదు. మర్నాటి నుంచి నా బల్ల ముందు ప్రొఫెసర్లు వరసకట్టారు. ఒకాయన వాన పడే అవకాశమెంత అన్నాడు. సగం అన్నాను. పడింది, సరిగ్గా సగం. దండెం మీద చొక్కాలకి కుడిచేతులన్నీ ముద్దగా తడిశాయి, ఎడమచేతులు ఎండుటాకుల్లా గలగలమంటున్నాయి. ఇంకొకాయన ఎక్స్ కనుక్కోమని సమీకరణం తెచ్చాడు. కాగితానికి ఇస్త్రీ పెట్టె ఆనించానో లేదో, వేడికి తాళలేక 'నేను ఏడుని బాబాయ్, వదిలెయ్' అంటూ ఎక్స్ బయటికొచ్చేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"దాని వెనకాలే ఎనిమిది కూడా వచ్చుంటుంది," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ వ్యాను డ్రైవరు.

"వెటకారం ఆపు. నా కళ్లకి గంతలు కట్టి, అదే సంచి చేతికిచ్చారు. జోడు తర్వాత జోడు తీశాను, సంచి ఖాళీ అయ్యేదాకా. ఆ చప్పట్లకి గోడ గడియారం జడుసుకుని వెనక్కి నడిచింది. గొప్పలు చెప్పుకోవడం నాకు రాదు కనక ఉన్నదున్నట్టు చెప్తున్నా. మొదటిసారి తప్పాను, ఒక నల్లది, ఒక తెల్లది వచ్చాయి. మిగతా జోళ్లన్నీ రంగుకి రంగు కుదిరాయి."

ఆ ఒక్క తప్పూ ఒప్పుకోవడంతో కథకి ఎక్కడలేని నిజం వచ్చేసింది. అక్క కూడా తలూపింది.

"కుదరవు బాబాయ్," అంది చటుక్కమ్మ.

ఎందుకు కుదరవని అక్క అడిగింది. బాబాయి మీసం దువ్వుకుంటూ, తొందరేం లేదు, నిదానంగా చెప్పమన్నాడు. చటుక్కమ్మ చేతిలో టీ గ్లాసు తప్ప ఏమీ లేదు. రాసి, కొట్టేసి, కింద నుంచి పేర్చుకోడానికి వీల్లేదు.

"పదీ పదీ ఉన్నాయి. మొదటిసారి నల్లదొకటి, తెల్లదొకటి పోయాయి. మిగిలినవి తొమ్మిదీ, తొమ్మిదీ." వేలు మడిచింది. "ఇక రంగుకి రంగు తీస్తే, నల్లవి రెండేసి చొప్పున పోతాయి. తొమ్మిదిలోంచి రెండేసి తీస్తూ పోతే ఒకటి మిగులుతుంది. తెల్లవాటిలోనూ ఒకటి మిగులుతుంది. ఆఖర్న సంచిలో ఆ రెండే ఉంటాయి. ఒకటి నల్లది, ఒకటి తెల్లది. ఒక జోడు తప్పాక ఇంకోటి తప్పి తీరాల్సిందే. ఆ తప్పు చెప్పకుండా ఉంటే నీ కథ నిలబడేది బాబాయ్."

డ్రైవరుకి టీ పొలమారింది. బాబాయి మీసం మీంచి చెయ్యి తీసి, ఈసారి నుంచి వినయం మానేసి మొత్తం గొప్పలే చెప్తానన్నాడు. తర్వాత బల్ల దిగుతూ, "అలా విడమర్చి చెప్పడం ఎక్కడ నేర్చుకున్నావే?" అన్నాడు.

'కుదరవు' అన్నది ఆమెకి ఎప్పట్లాగే ముందొచ్చింది. కానీ మెట్లు ఈసారి పైనుంచే వచ్చాయి, ఒకదాని మీద కాలు పెట్టాక రెండోది కనిపించింది. మిషన్లు మళ్లీ మొదలయ్యాయి. కిటికీలో ఇంకా వెలుతురుంది. చటుక్కమ్మ గ్లాసు కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుని, మేడంకి ఫోన్ చెయ్యాలని ఆ చప్పుడుకి దూరంగా పెరటివైపు నడిచింది.