మడమ తిప్పని రౌతు

ఆదివారం కొండదారిన వెళ్ళే సైకిళ్ళ గుంపుకు ముందు ఎవరుండాలో ఆ పొద్దున టీకొట్టు దగ్గర తేలాలి. అందుకే కళ్ళద్దాల దుకాణంలో పనిచేసే, అందరూ గాలిపంపు అని పిలిచే పెద్దాయన కొత్త బూట్లు తొడుక్కుని, కొత్త పెడళ్ళు బిగించిన సైకిలు మీద పెళ్ళికొడుకులా వచ్చాడు. వచ్చి, కొట్టు పందిరి గుంజను ఎడమచేత్తో పట్టుకుని ఆగాడు. ఆగాడు గానీ దిగలేదు. దిగడం ఎలాగో ఆయనకు తెలియదు.

తెలియదన్న సంగతి కూడా గుంజ పట్టుకున్నాకే తెలిసింది. కాలు ఎత్తితే బూటు పెడలును వదల్లేదు. రెండో కాలూ అంతే. వాటిని క్లిప్‌లెస్ పెడళ్ళంటారు. పేరులో క్లిప్పు లేదు గానీ పట్టు మాత్రం ఉడుంపట్టు. బూటు అడుగున బిగించిన బిళ్ళ పెడలు కొక్కెంలో టక్కున ఇరుక్కుందంటే ఇక మనిషీ సైకిలూ ఒకటే. నిన్న సైకిలు షాపువాడు సులువుగా వదిలే రకం తీసి, కొత్తవాళ్ళకు ఇదే మంచిదండీ అన్నాడు. కొత్తవాళ్ళన్న మాట గాలిపంపుకు ముల్లులా గుచ్చుకుంది. పందెగాళ్ళు వాడే రకమే ఇమ్మన్నాడు, పట్టు పెంచే మర చివరికంటా బిగించమన్నాడు. కాలు ఎలా విడిపించుకోవాలో షాపువాడు ఓపిగ్గా చెప్పాడు. సరిగ్గా ఆ సమయంలోనే గాలిపంపు తన కుర్రతనపు పందేల గురించి వాడికి చెబుతున్నాడు. ఇద్దరూ చెప్పారు, వినేవాడే లేకపోయాడు.

ఇంతకాలం ఆయన గుంపుకు తోక. అందరి చక్రాలకూ గాలి కొట్టి, అందరి దుమ్మూ మింగి, చివర్న వచ్చేవాడు. ఆ పేరు చేతిలోని పంపు వల్ల వచ్చిందని ఆయన అంటాడు, నోటి వల్ల వచ్చిందని మిగతావాళ్ళంటారు. ఒక్క ఆదివారమైనా తను ముందు పోతుంటే వెనకవాళ్ళంతా తన వీపు చూస్తూ రావాలని ఆయన కోరిక. దిగడం చేతకానివాణ్ణి ఎవరు ముందు పెడతారు? కాబట్టి దారి ఒకటే మిగిలింది. కాలు ఊడేదాకా నోరు ఆగకూడదు.

బెంచీ మీద ముగ్గురున్నారు. సెలూను నడిపే పెద్దమనిషి, కరెంటు స్తంభాలెక్కే గాలిపంపు బావమరిది, ఆదివారం ముందుండడానికి గాలిపంపుతో పోటీలో ఉన్న దర్జీ.

"దిగి కూర్చో, పంపూ," అన్నాడు దర్జీ, పక్కకు జరిగి చోటిస్తూ.

"గుర్రం దిగాక రౌతుకీ నడిచిపోయేవాడికీ తేడా ఏముంటుందయ్యా? నిన్న సాయంత్రం ఏం జరిగిందో ముందు అది వినండి."

నిన్న సాయంత్రం ఆయన ఇంట్లో కూర్చుని బూట్లకు తాళ్ళు బిగించుకున్నాడు. అది వదిలేసి మిగతాది మొదలుపెట్టాడు.

"ఏం లేదు, వంతెన దాకా వెళ్ళొద్దామని బయల్దేరాను, మామూలుగానే, తొందరేం లేదు, ఎదురుగాలి కూడా ఉంది, ఎదురుగాలంటే మీరనుకునే గాలి కాదు, సెలూను బోర్డు తలకిందులుగా వేలాడే గాలి, అయినా ఈ పెడళ్ళతో మజా ఏమిటంటే తొక్కడమే కాదు, పైకి లాగడం కూడా ఉంటుంది, మీ కాలు ఒక పని చేస్తే నా కాలు రెండు చేస్తుంది, అలా పోతుంటే కుక్క ఒకటి వెంటపడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పిక్క పట్టుకుందా బావా?"

"అందితే కదరా పట్టుకోవడానికి. పాపం, రొప్పుతూ రోడ్డు మీద చతికిలబడింది. జాలేసి వెనక్కొచ్చి, నా సీసాలో నీళ్ళు దాని నోట్లో పోసి, మళ్ళీ బయల్దేరాను."

దిగి పోశావా అని సెలూనాయన అడిగాడు. వంగి పోశానని గాలిపంపు చెప్పాడు. చెబుతూనే కుడికాలు గట్టిగా పైకి లాగి చూశాడు. సైకిలు వెనకచక్రం కాస్త ఎగిరి కూర్చుంది తప్ప కాలు రాలేదు. కొట్టు నడిపే పిన్ని, ఆ బండి ఎందుకు నాయనా అలా ఉలిక్కిపడుతుంది అని అడుగుతూ టీ గ్లాసు కుడిచేతికిచ్చింది. ఇప్పుడు ఒక చేతిలో గుంజ, ఒక చేతిలో టీ, కాళ్ళు రెండూ పెడళ్ళ చెరలో. ఇక ఆయనకు స్వేచ్ఛగా మిగిలింది నాలుకే. దాన్ని మొత్తంగా వదిలేశాడు.

వంతెన దాటేసరికి తన నీడ వెనకబడిపోయిందట. పిలిస్తే, వస్తున్నా పద అందట. దాన్ని వదిలేసి ముందుకు పోతే గూడ్సు రైలొకటి పక్క పట్టాల మీద కలిసిందట. పెట్టెలన్నీ దాటి ఇంజను దగ్గరికి చేరితే డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, కాస్త నెమ్మదిగా పొండి సార్, మీ గాలికి నా పొగ వెనక్కి పోతోంది అన్నాడట.

పొగ ఎప్పుడైనా వెనక్కే పోతుంది కదా అని దర్జీ గొణిగాడు. గాలిపంపుకు వినబడలేదు, వినబడనివ్వలేదు.

"అంతలో ఎదురుగా రైలుగేటు పడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"వెనక్కి తిరిగుంటావు," అన్నాడు సెలూనాయన.

గాలిపంపు ఛాతీ పొంగింది. "మాట తప్పడం, మడమ తిప్పడం మా వంశంలో లేదు. మా తాత తిప్పలేదు, మా నాన్న తిప్పలేదు, నేను చచ్చినా తిప్పను. బూట్లు పెడళ్ళను పట్టుకున్నాయా, రెండు కాళ్ళూ ఒక్కసారి పైకి లాగాను, బండి నాతోపాటు లేచింది, గేటు మీంచి లేచింది, రైలు మీంచి లేచింది, పైన కొంగలు పోతున్నాయి, కొంగలు పక్కకు జరిగి దారిచ్చాయి. ఎంత ఎత్తు లేచానంటే..."

ఆ ఎత్తు ఒక్క చేత్తో చూపించేది కాదు. రెండు చేతులూ ఎత్తాడు.

గుంజ వదిలిన సైకిలు రెప్పపాటు నిలబడి, ఆ తర్వాత తీరిగ్గా కుడివైపుకు ఒరిగింది. టీ దర్జీ చొక్కా మీదికీ, గ్లాసు పిన్ని కాళ్ళ దగ్గరికీ పోయాయి. బావమరిది బెంచీ మీంచి దూకి, బావనూ బండినీ కలిపి భుజాన కాసుకున్నాడు. దర్జీ చొక్కా దులుపుకుంటూ వంగి ఆ బూట్లను చూశాడు. ఏడాదిగా తను తొక్కుతున్నవీ అలాంటి పెడళ్ళే.

"మడమ తిప్పు, పంపూ," అన్నాడు.

"ఇంకోసారి చెబుతున్నా, మా వంశంలో..."

"బావా, మీ వంశం బరువంతా నా భుజం మీదుంది," అన్నాడు బావమరిది. "పుణ్యముంటుంది, ఆ మడమ తిప్పు."

తాత, తండ్రి గుర్తొచ్చారో లేదో గానీ, గాలిపంపు కుడి మడమను బయటికి తిప్పాడు. టక్కుమంది. ఇంతసేపు లాగినా రాని కాలు వెన్నలోంచి వెంట్రుకలా వచ్చి నేల మీద ఆనింది. ఆనగానే ఆయనకు ప్రాణమూ మాటా కలిసే లేచొచ్చాయి. బావమరిదిని వదలమని, ఇదంతా మిమ్మల్ని పరీక్షించడానికి చేశానని చెప్పి, ఠీవిగా నిటారుగా నిలబడి, ఆ ఠీవిలో కాస్త ఎడమకు వాలాడు. ఎడమకాలు ఇంకా పెడల్లోనే ఉంది.

ఈసారి పట్టుకోవడానికి అటువైపు ఎవరూ లేరు, గుంజ చేతికి అందలేదు.

పిన్ని పొద్దున్నే కడిగిన నేల మీద ఆయన పక్కవాటుగా పడి ఉన్నాడు. సైకిలు ఆయన మీద, ముందుచక్రం గాలిలో తిరుగుతోంది. దెబ్బ తగల్లేదని రూఢి అయ్యాక దర్జీ అడిగాడు, ఈయన ముందు పోతే ఆదివారం మనం ఎక్కడ ఆగాలి అని.

"ఈయన పడినచోట," అన్నాడు సెలూనాయన. "నువ్వే ముందుండు. తేలిపోయింది."

అందరూ నవ్వారు. గాలిపంపు నోరు తెరిచాడు. రైలు గురించో, కొంగల గురించో ఇంకేదో వస్తుందని అందరూ చూశారు. ఆయన కాసేపు తిరిగే చక్రాన్ని చూశాడు, తర్వాత ఇరుక్కున్న ఎడమకాలిని చూసుకున్నాడు, తర్వాత టీ మరకల చొక్కాతో పక్కన గొంతుక్కూర్చున్న దర్జీ వైపు తిరిగాడు.

"దీన్ని ఎటు తిప్పాలి? బయటికా, లోపలికా?"

ఆ తర్వాత ఏమైందో తెలుసా అని ఆ కొట్టు దగ్గర లెక్కలేనన్నిసార్లు అడిగినవాడు, జవాబు తనకు తెలియని ప్రశ్న అడగడం అదే మొదలు. నవ్వులు ఆగాయి. దర్జీ ఆయన మడమ మీద చెయ్యి వేసి, "బయటికి. నెమ్మదిగా," అన్నాడు.