లువాన్ టీచరమ్మ పదకొండు సెకన్లు

ఏమే యున్‌షూ, మూడోసారి కదూ అదే ఇంగ్లీషు ముక్క తిప్పి తిప్పి వింటున్నావు? అర్థం కాకపోతే ఫోను మీద విసుక్కుంటే ఏం లాభం, అదేం చేసింది పాపం. ఏంటీ, చదివితే తెలుస్తోంది, వింటే తెలియట్లేదా? ఓసి పిచ్చిదానా, నలభై ఏళ్ల కిందట మా కాలేజీలో పిల్లలంతా ఇదే ఏడుపు. పుస్తకం ఇస్తే గడగడా చదివేసేవాళ్లు, టేపు పెడితే గుడ్లు తేలేసేవాళ్లు. నాకెలా తెలుసంటావా? మీ తాత ఇంగ్లీషు ముక్క రానివాడే, కాదన్లేదు. కానీ ఇరవయ్యొక్క ఏళ్లు ఆ టేపుల గదికి తాళంచెవి నా నడుముకే వేలాడింది. ఆ నూడిల్స్ గిన్నె ఇటు జరుపు. మిరప్పొడి నూనె ఎక్కువేశావు, నీ నోరు నీ ఇష్టం. లువాన్ టీచరమ్మ గురించి నీకెప్పుడూ చెప్పలేదు కదూ? మీ నాన్నకి కూడా చెప్పలేదులే.

ఆవిడ ఈ ఊరి మనిషి కాదు. సముద్రం ఒడ్డున నింగ్బో నుంచి ఇక్కడికి, ఈ దుమ్ములోకి, యాభై ఎనిమిదిలో పైవాళ్లు పంపించేశారు. ఇక్కడ ఎన్నేళ్లున్నా మన గొర్రె మాంసం పులుసు ముట్టుకునేది కాదు. ఎండుచేప ముక్క ఒకటి సీసాలో దాచుకుని అన్నం మీద చిదుపుకుని తినేది. సన్నగా ఉండేది మనిషి, వేళ్లు మాత్రం ఎప్పుడూ సిరా. ఎందుకంటే పిల్లలకి చదువుకోడానికి పుస్తకాలేవీ? టేపులో ఉన్నదంతా ఆవిడే విని, మైనం కాగితం మీద ఇనుప కలంతో గీసి, చేత్తో రోలరు తిప్పి అచ్చేసేది. ఒక్కొక్క పాఠం నలభై కాపీలు. కానీ కాగితాలు ముందే చేతికిచ్చేది కాదు, అదీ ఆవిడ పట్టుదల. మొదటి మూడుసార్లు పెన్సిళ్లు బల్ల మీద, చేతులు ఒళ్లో, వినడమే. నాలుగోసారి విన్నది రాయాలి. ఐదోసారి దిద్దుకోవాలి. అప్పుడు గానీ కాగితం పంచేది కాదు. "కళ్లకి ముందు తిండి పెడితే చెవులు పనిచెయ్యవు నాయనా" అనేది. గుయ్‌హో అని గొర్రెల కాపరుల ఇంటినుంచి వచ్చినవాడొకడు, ఆరడుగుల మనిషి, మూడోసారి అయ్యేసరికి ఏడుపు మొహం పెట్టి, "టీచరుగారూ, ఈ టేపులో మనిషి నోట్లో వేడి బంగాళాదుంప పెట్టుకుని మాట్లాడుతున్నాడండీ!" అనేవాడు. ఆవిడ నవ్వేది కాదు. "అయితే ఆ దుంప చల్లారేదాకా విను" అనేది.

ఆఁ, గది గురించి చెప్పాలి కదా. గదిలోకి బూట్లతో రావడం నిషేధం. దుమ్ము పడితే యంత్రాలు పాడవుతాయని గుమ్మం దగ్గర నలభై జతల ప్లాస్టిక్ చెప్పులు పెట్టాం. అవి తొడుక్కునే లోపలికి రావాలి. ఆ వాసన... గుయ్‌హో సాక్సులు విప్పిన రోజు కిటికీలన్నీ తీసినా లాభం లేకపోయేది. దీని మీద నేను పులిలా ఉండేవాణ్ని. ఎవడైనా బూటుకాలు గడప దాటించాడా, అయిపోయాడే. ఎందుకంటావా, నా ఉద్యోగం గట్టిది కాదు, తాత్కాలికం. మీ నాయనమ్మ పల్లెలో ఉండేది, పట్నం రేషన్ కార్డు లేదు. ఒక్క మాట పడితే మూట కట్టుకుని మళ్లీ పొలానికే. అందుకని రూలు అంటే రూలే. ఆ రూలే నా కొంప ముంచింది, చూడు.

క్యాసెట్టు ఎప్పుడైనా చూశావా? దాని వీపు మీద రెండు చిన్న పళ్లు ఉంటాయి, ప్లాస్టిక్‌వి. అవి విరిచేస్తే ఇంక దాని మీద ఎవరూ కొత్తగా రికార్డు చెయ్యలేరు. ఉన్నది భద్రం. టేపు రాగానే విరిచెయ్యాలి, తెలిసినవాళ్లంతా చేసే పని అదే. బీజింగ్ నుంచి ఆ పాఠాల టేపు వచ్చినప్పుడు లువాన్ టీచరమ్మ చెప్పింది కూడా, "థాన్ అన్నా, పళ్లు విరిచెయ్యండి" అని. నేను విరవలేదు. కొత్త వస్తువు, రిజిస్టర్లో నా చేత్తోనే రాశాను, 'చెక్కుచెదరకుండా అందినది' అని. ప్రజల ఆస్తి! దాన్ని చేతులారా విరగ్గొట్టేవాడెవడే? చిన్నప్పటినుంచీ గోడల మీద నినాదాల్లో చదువుకున్నదే అది, విరగ్గొట్టకూడదనే కదా. సరేనన్నట్టు తల ఊపి, పళ్లతో సహా బీరువాలో పెట్టాను. ఎంత తెలివైనవాణ్నో చూశావా!

అది ఎనభై రెండు, శరత్కాలం. ప్రావిన్సు నుంచి పెద్దలు, పక్క కాలేజీల మేష్టర్లు వచ్చి లువాన్ టీచరమ్మ క్లాసు చూస్తారని కబురొచ్చింది. అది బాగా జరిగితే ఆవిణ్ని ఏడాది పాటు పై చదువుకి షాంఘై పంపుతామన్నారు. షాంఘై నుంచి నింగ్బో ఎంత, పడవెక్కితే మర్నాటికి ఇంట్లో. వాళ్లమ్మకి డెబ్బైతొమ్మిదేళ్లు, కళ్లు కనపడవు. ఆవిడ నాతో సొంత సంగతి చెప్పడం అదొక్కసారే. "ఆదివారాలు వెళ్లి మా అమ్మ గోళ్లు కత్తిరించొచ్చు అన్నా" అంది. చదువు గురించి ఒక్క ముక్క చెప్పలేదు, గోళ్లు అంది.

రెండ్రోజుల ముందు నేను యంత్రం సరిచూస్తున్నాను. టేపు పెట్టి మీట నొక్కబోతుంటే గుమ్మంలో గుయ్‌హో, బురద బూట్లతో, ఒక కాలు లోపల! ఒళ్లు మండి వాడి మీద అరుస్తూ నొక్కాను. ఒక మీటకి బదులు రెండు. అంటే రికార్డు. పదకొండు సెకన్లు. తర్వాత వెనక్కి తిప్పి వింటే, ఆ ఇంగ్లీషు దొరగారు గంభీరంగా చదువుకుంటూ పోతున్నాడు, పోతున్నాడు, ఉన్నట్టుండి, "ఒరే గాడిదా, కాళ్లా అవి పారలా! విప్పు! విప్పి లోపలికి రా!" అని నా గొంతు. మళ్లీ దొరగారు. నవ్వకే. నవ్వుతావుగానీ, క్లాసుకి రెండ్రోజులే ఉంది. ఇంకో టేపు తెప్పించాలంటే ఆర్నెల్లు.

ఆవిడ దగ్గరికెళ్లి చెప్పాను. తిట్టలేదు. ఆ సిరా వేళ్లు గుడ్డకి తుడుచుకుంది. "పాఠం నాకు కంఠతా వచ్చు. మధ్యాహ్నం అందరూ నిద్రపోతారుగా, అప్పుడు రండి" అంది. కాలేజీ అంతా కునుకు తీసే వేళ తలుపు గడియ పెట్టి కూర్చున్నాం. ఆవిడ చదవాలి, నేను వేలితో ఆపాలి. ఒక్క క్షణం ముందు ఆపితే నా తిట్టు మిగులుతుంది, ఒక్క క్షణం ఆలస్యమైతే దొరగారి తర్వాతి మాట పోతుంది. ఉత్త టేపు మీద ఇరవైసార్లు సాధన చేశాం. చివరికి అసలుది. ఆవిడ చేతి గడియారం చూసుకుంటూ చదివింది, నా వేలు చెమటకి జారుతోంది, ఆవిడ తల ఊపింది, ఆపాను. సరిగ్గా కుదిరింది. ఏం చదివిందో తర్వాత అడిగి తెలుసుకున్నాను. ఆ పాఠంలో ఒక పడవవాడి భార్య, ఏటి ఒడ్డున ఉండేది, మంచు కమ్మితే పడవలకి దారి తెలియాలని గంట కొట్టేది. "నీళ్ల మీద ఎవరున్నా లేకపోయినా ఆమె రోజూ గంట కొట్టేది. ఎందుకని అడిగితే, వినేవాళ్లు ఉన్నారో లేదో నాకెలా తెలుస్తుంది, అనేది." అంతే. ఆ ముక్కే.

క్లాసు రోజు వచ్చింది. పెద్దలందరూ ప్లాస్టిక్ చెప్పులు వేసుకుని వెనక వరసలో. నేను మూల స్టూలు మీద. టేపు నడుస్తోంది, దొరగారు, దొరగారు, తర్వాత ఆవిడ గొంతు, మళ్లీ దొరగారు. పిల్లలు ఒక్కడూ కదల్లేదు, మొదటి వినికిడి కదా, చేతులు ఒళ్లో. వచ్చిన మేష్టర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు గానీ ఎవరూ నోరు మెదపలేదు. నోరు మెదిపింది ఎవరు? మా శాఖలో పార్టీ కార్యదర్శి హౌ. ఆయనకి ఇంగ్లీషు నాకు వచ్చినంతే వచ్చు. కానీ మగ గొంతుకీ ఆడ గొంతుకీ తేడా తెలుసు కదా! క్లాసు అవగానే లేచి, "కామ్రేడ్ లువాన్, మగవాడు మాట్లాడుతుంటే మధ్యలో ఆడమనిషి ఎక్కణ్నుంచి ఊడిపడింది?" అన్నాడు. కొందరు నవ్వారు. నేనా, కుక్కిన పేనులా కూర్చున్నాను. తాళంచెవి పిడికిట్లో ఉంది. ఆవిడ నా వైపు కూడా చూడలేదు. "పాఠం తయారు చేసుకుంటూ నేనే తప్పు మీట నొక్కానండీ. చెరిగిపోయిన చోట నేనే చదివి నింపాను" అంది. ఆయన మొహం ఎర్రబడింది. "పళ్లు విరవకుండా వాడారా? ప్రజల ఆస్తి!" అన్నాడు. ఆవిడ "అవునండీ, నాదే పొరపాటు" అంది.

ఆవిడ చేత తప్పు ఒప్పుకుంటూ మూడు పేజీల ఆత్మవిమర్శ రాయించుకున్నారు. షాంఘై సీటు ఇంకొకాయనకి వెళ్లింది. తర్వాత నేను మెట్ల దగ్గర ఆపి, "నేను చెప్పేస్తానమ్మా, ఇప్పుడైనా చెప్పేస్తాను" అన్నాను. "మీరు చెబితే మీ ఉద్యోగం పోతుంది, నాకు సీటు తిరిగి రాదు. నా మీద రాసిపెట్టిన కాగితాల్లో విదేశీ రేడియో విన్నానని పాత మచ్చలు చాలానే ఉన్నాయి, ఇంకొకటి పడితే కనపడదులెండి" అంది. అంతే, పైకి వెళ్లిపోయింది. నేను చెప్పలేదు. చెప్పొద్దందని కాదే. చెప్పకుండా ఉండడానికి నాకో సాకు దొరికింది, దాన్ని గట్టిగా పట్టుకున్నాను, అదీ నిజం. చలికాలం రాగానే నల్లగా గడ్డకట్టిన బేరిపళ్లు ఒక గిన్నెడు ఆవిడ గుమ్మం ముందు పెట్టొచ్చాను. మర్నాడు గిన్నె కడిగి నా బల్ల మీద పెట్టింది. మార్చిలో వాళ్లమ్మ పోయిందని తంతి వచ్చింది. రైల్లో రెండు రాత్రులు, ఆవిడ వెళ్లేసరికి అంతా అయిపోయింది. తిరిగొచ్చి సోమవారం ఉదయం క్లాసు చెప్పింది. మూడుసార్లు విను, నాలుగోసారి రాయి.

ఆ టేపు మాత్రం మార్చలేదు ఎవరూ. కొత్తది తెప్పించే ఓపిక ఎవరికుంది? పద్నాలుగేళ్లు అదే విన్నారు పిల్లలు. దొరగారి మధ్యలో వచ్చే ఆ గొంతు దగ్గర అందరికీ బాగా అర్థమయ్యేదట, "అక్కడ కాస్త ఊపిరి పీల్చుకునేవాళ్లం తాతా" అని గుయ్‌హో మొన్నీమధ్య వచ్చినప్పుడు చెప్పాడు. తాతా అంటాడు వెధవ, వాడికే మనవలున్నారు. ఆవిడ తొంభై ఆరులో పోయింది, ఊపిరితిత్తులు. పిల్లల్లేరు. ఫోటో ఒకటి, గుంపులో, మొహం తెలియదు. దాదాపు నలభై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి గొంతు ఎక్కడైనా ఉందా అని గుయ్‌హో ఊరంతా వెతికాడు. రేడియోలో లేదు, ఎక్కడా లేదు. నేను తప్పు మీట నొక్కబట్టి ఆ పదకొండు సెకన్లు ఉన్నాయి. అంతకు మించి లేదు.

ఆ పెట్టె తియ్యి. కాదు, మంచం కింద, గుడ్డలో చుట్టింది. ఊఁ, అదే. క్యాసెట్టు వీపు చూడు. పళ్లు లేవు కదూ? ఆవిణ్ని శ్మశానానికి సాగనంపి వచ్చిన రోజున విరిచాను. చిన్న చాకు చాలు, టిక్కుమని ఊడొస్తాయి, రెండు సెకన్ల పని.

సరే, ఇలా ఇచ్చెయ్యి. తిను, నూడిల్స్ ఉబ్బిపోతున్నాయి.