బొగ్గు రోడ్డు మీద మొదటి మాట

గోదావరిఖని నెట్ సెంటర్‌లో చెల్లెలి కొత్త బ్లాగుకు తొలి మాటను ఆమె అన్న టైపు చేస్తుంటే, తెర మీద అది చదివిన ఆమెకు రోత పుట్టింది.

“ఛీ! ‘ఇక్కడ వంటలు, ముగ్గులు ఉంటయి’ అని ఎవరు కొట్టమన్నరన్నా?”

“మరేం కొట్టాలె?”

“బొగ్గు కంపెనీ పెద్దసార్లు వచ్చిననాడే బొగ్గు రోడ్డు మీద నీళ్లు చల్లుతరని. మిగతా దినాలు మనం అన్నంల దుమ్ము కలుపుకొని తింటున్నమని.”

“ఆ నీళ్ల ట్యాంకరు నడిపేది నేనే గదనే! సార్లు చెప్తేనే తీస్త. నా నౌకరి పోతది.”

“థూ! నువ్వు గూడ దగ్గుతనే ఉన్నవ్ గదా.”

“సొంత అన్న మీదనే రాస్తవా?”

“చదివెటోళ్లకు ముందే చెప్పాలె. ‘ఈ బ్లాగుల మా ఇంటోళ్లను గూడ ఇడిచిపెట్ట’ అని కొట్టు.”

అతను వంటలు, ముగ్గుల మాట చెరిపేశాడు.

“నా పేరు గూడ పెట్టాల్నా?”

“పేరొద్దు. ‘మా అన్న’ అని పెట్టు.”