బండల కింది గుంత

నాచారంలో ఒక పాత ఇంటి వాకిట్ల పిల్లరు కోసం తవ్వుతుంటే బండలు కుంగి, మేస్త్రీ రామస్వామి కొడుకు దయాకర్ లోపలికి జారిపోయిండు. ఎవరో ఎప్పుడో కప్పేసిన లెట్రిన్ గుంత అది. ఇంటోళ్లకు కూడా ఎర్కలేదు. పిలిస్తే పలుకు లేదు. ఫైరోళ్లకు ఫోన్ చేసిన రామస్వామి, దిగబోతున్న అల్లుడు ఉపేందర్ నడుము గట్టిగ పట్టుకున్నడు.

"ఇడువు మామా! రెండు నిమిషాలల్ల పైకి తెస్త."

"అందుల గ్యాసుంటది బిడ్డా. దిగినోడు దిగినట్టే పోతడు. ఫైరోళ్లు మాస్కులతోని వస్తున్నరు."

"వాళ్లొచ్చేదాకా బతుకుతడా?"

రామస్వామి పట్టు ఇంకింత బిగించిండు.

"లోపలున్నది నీ కన్నకొడుకు గాదా?"

"నా కొడుకే. నువ్వు నా బిడ్డ మొగనివి."

"థూ, నీదేం గుండె!"

ఉపేందర్ మోచేత్తో ముసలాయన ముక్కు పగలగొట్టి, విడిపించుకొని గుంత దిక్కు ఉరికిండు. రామస్వామి పార అందుకొని అల్లుని మోకాలి కింద రెండు దెబ్బలేసిండు. ఎముక విరిగిన సప్పుడు వినబడ్డది. కిందపడ్డోని ఛాతీ మీద ఎక్కి కూసున్నడు.

"కాలు విరగ్గొట్టినవ్ గదా మామా!"

"కాలైతే అతుకుతది."

మాస్కులోళ్లు వచ్చి దయాకర్‌ను బయటికి తీసిన్రు. ఊపిరి లేదు.

"నువ్వే సంపినవ్! నేను దిగితే వాడు బతుకుతుండె!"

ఉపేందర్ పండుకున్నకాన్నే ఇటుకపెల్ల అందుకొని మామ భుజం మీద కొట్టిండు. మళ్ల కొట్టిండు. రామస్వామి చెయ్యి అడ్డం పెట్టలే.

"నిజంగనే బతుకుతుండెనా బిడ్డా?"

ఎత్తిన చెయ్యి ఆగింది. ఉపేందర్ ఇటుకపెల్ల పక్కకు పడేసిండు.

"లేదు మామా. ఇద్దరం పోతుంటిమి."