తాడ్వాయి డబ్బా రాసిన చీటీ

సభకు పెద్దగా కూర్చున్న సంఘం అధ్యక్షులు భీమేష్ గారికి, ఎల్లారెడ్డి నుంచి, రాజంపేట నుంచి వేళకు వచ్చిన పెద్దలకు, కామారెడ్డిలోనే ఉండి ఆలస్యంగా వచ్చిన మిత్రులకు ఈ సుభద్రమ్మ నమస్కారాలు. (నవ్వులు)

ఊర్లకు నెట్టు ఇచ్చే మన ఇంటర్నెట్ సంఘంలో ఇరవై రెండేండ్లు పనిచేసి మా జీవన్ ఇయ్యాల రిటైరైతున్నడు. తొమ్మిదో తరగతిలో నా దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్లవాడు, ఇప్పుడు తల నెరిసి నాకంటే పెద్దమనిషిలా కూర్చున్నడు. అతని మంచితనం గురించి భీమేష్ గారు ముప్పావుగంట చెప్పినంక నాకేమీ మిగల్లేదు కనుక, నేను నా భయం గురించి చెప్త.

పోయిన వానకాలం ఎల్లారెడ్డిలో మా ఇంటాయన కిష్టయ్యకు ఛాతీల నొప్పి లేచింది. అక్కడి దవాఖానలో ఈసీజీ తీసి కామారెడ్డి గుండె డాక్టరుకు పంపబోయిన్రు. నర్సు సలోమి "నమస్తే సార్" అని కొడితే పోయింది. ఈసీజీ పోలేదు. తెర మీద చక్రం తిరుగుతనే ఉంది. ఫోన్‌లో డాక్టరు "ఇంకా రాలేదమ్మా" అంటడు, మంచం మీద ఈయన నా ముఖం చూస్తడు. ముప్పై ఏండ్లు పిల్లలను భయపెట్టిన మనిషిని నేను. ఆ పూట ఫోన్ చేసి జీవన్‌ను బతిమాలిన.

జీవన్ ఉరికొచ్చిండు. "టీచరమ్మా, నడుమ తాడ్వాయి కాడ నెట్టు దారి ఇరుకు, ఈసీజీ వంటి పెద్ద మూట పట్టది. 'చిన్నగ కట్టి పంపు' అని అక్కడి స్తంభం మీది డబ్బా దవాఖానకు చీటీ రాస్తనే ఉంది. కానీ ఆ చీటీ మీద ఉన్నది ప్రైవేటు అడ్రసు. దవాఖాన నెట్టుకు కాపలా ఉన్న గేటు దాన్ని దొంగచీటీ అని పారేస్తుంది" అన్నడు. మూటలు చిన్నగా కట్టమని దవాఖాన మిషన్‌కే నేరుగా చెప్పిండు. ఈసీజీ పోయింది. ఈయన ఇగో, ముందు వరుసలో కూర్చుని సమోసా వంక చూస్తున్నడు. ముట్టకు. (నవ్వులు)

ప్రైవేటు అడ్రసంటే ఏందో పెద్దలకు చెప్త. ఇంట్ల "పెద్దోడా" అని పిలిస్తే ఒక్కడే పలుకుతడు. అదే పేరు ఉత్తరం మీద రాసి వేరే ఊరికి పంపితే? ఇంటికొక పెద్దోడున్నడు. గేటు కాడి మనిషి నమ్మడు. నమ్మకపోవుడే అతని పని.

మరి ఊరికీ ఊరికీ నడుమ ఉన్న మన లింకులకు ఆ ఇంట్ల పిలిచే పేర్లు, ఆ ప్రైవేటు అడ్రసులు, ఎవరు పెట్టించిన్రు? నేనే. అప్పుడు ఉపాధ్యక్షురాలిని. దొరికిన అసలు అడ్రసులు, లోకమంతా చెల్లేవి, ఇండ్లకే చాలుతలేవు, స్తంభం మీది డబ్బాలకెందుకన్న. "టీచరమ్మా, ఒక్కసారి ఆలోచించుండ్రి" అన్నడు జీవన్. "కూర్చో" అన్న. నలభై ఐదేండ్ల మనిషి, తొమ్మిదో తరగతి పిల్లవాడి లెక్క కూర్చున్నడు.

ఇప్పుడు ఏ డబ్బాకు ఏ నంబరో, ఏ లింకు ఎంత ఇరుకో అతని తలకాయలనే ఉంది. రేపటి నుంచి ఆ తలకాయ బోధన్‌లో కూతురింట్ల ఉంటది. బుధవారం ఈయనకు మళ్ల ఈసీజీ. దవాఖానకు కొత్త మిషన్ వచ్చింది. మూటలు చిన్నగా కట్టమని దానికి ఎవరూ చెప్పలేదు. నాలుగు రోజులుగా నాకు అన్నం సయిస్తలేదు.

జీవన్ జాగాలో వస్తున్న శ్వేతా, ఆ పేర్లు మార్చెయ్ బిడ్డా. అటువంటి లింకులు మొత్తం ఏడు. నేను గాని, ఇంకెవరు గాని అడ్డమొస్తే గౌరవం చూడకు.

(శ్వేత లేచి: "టీచరమ్మా, ఏడు కాదు. నిన్న నేను తిరిగి చూసిన. తొమ్మిది.")

తొమ్మిదా? జీవన్, నువ్వు కూడా నా దిక్కే చూస్తున్నవేంది? అంటే ఆ రెండు నీ తలకాయలో కూడా లేవన్నట్టు.

ఆ రెండు ఎక్కడున్నయో మీరిద్దరూ ఇప్పుడే, ఇక్కడే రాసుకోండ్రి. శాలువా, దండలు ఆగుతయి. శ్వేతా, నువ్వు నిలబడే ఉండు. ఓపికతో విన్న మీ అందరికీ, నా మాట విని నష్టపోయిన జీవన్‌కు నా కృతజ్ఞతలు. ఇగ నేను కూర్చుంటున్న. సెలవు.