తిమింగలం సాక్ష్యం

డెన్మార్క్‌లో ఓ రేవు పట్టణం. లైబ్రరీలో పిల్లల ఆటగది. బడిపిల్లలు రావడానికి ఇంకాస్త టైముంది.

“ఆ తెర ముట్టుకోకమ్మాయ్!”

“తీసేస్తున్నా, ఎగోన్ బాబాయ్. నిన్న ఈ ఆట ప్రారంభోత్సవంలో మేయర్‌గారు చప్పట్లు కొడుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది.”

“ఎందుకూ? కొయ్య తిమింగలాన్ని నీలం తివాచీ మీద పెట్టగానే గోడ మీద సముద్రం పొంగిందా లేదా? దీపాలు చేపపిల్లల్లా పరిగెత్తాయా లేదా?”

“అవి నేను చేసినవి. తిమింగలం గొంతు మాత్రం నీది. తెర వెనక, స్టూలు మీద, మైకు పట్టుకుని.”

“స్టూలనకు మాలెనె, తిమింగలం కడుపను. లోపల కాఫీ కూడా దొరికింది.”

“నవ్వించకు. ఆట తయారీ సగంలో ఉండగా, యంత్రం బదులు వెనక మనిషిని దాచి పరీక్షించడం మా పనిలో మామూలే. అయ్యాక తెర తీసి ‘ఇదిగో మనిషి’ అని చూపించాలి. నేను తియ్యలేదు. ‘యంత్రం ఎంత ముద్దుగా మాట్లాడుతోందో’ అని అందరూ మెచ్చుకుంటుంటే నోరు మూసుకు నించున్నా. ఇవాళ చెప్పేస్తా.”

“రేపు చెప్పు.”

“ఇవాళే.”

“రేపు, తల్లీ, రేపు. ఓసారి ఏమైందో తెలుసా? మా పడవలో వంటవాడు సూపు కాస్తుంటే, ఆ వాసనకి చేపలే పడవెక్కి, గిన్నెలు చాపి వరసలో...”

“మాట దాటెయ్యకు. నిన్న తెర వెనక ఏం చేశావ్?”

“ఏం చెయ్యలేదు. ఓ పిల్ల, తిమింగలానికి చెవెక్కడో వెతికి మరీ, గుసగుసగా ఓ మాటడిగింది. జవాబు చెప్పా. అంతే.”

“ఏమడిగింది?”

“వాళ్ళ తాత తిమింగలమెక్కి ఐస్‌లాండ్ వెళ్ళొచ్చాట్ట. బళ్ళో చెబితే ‘అబద్ధాల తాత మనవరాలు’ అని ఏడిపిస్తున్నారట. నిజంగా వెళ్ళాడా అని.”

“నువ్వేమన్నావ్?”

“‘నా వీపు మీదే వెళ్ళాడు, ఇప్పటికీ నడుం నొప్పి’ అన్నా.”

“బాబాయ్!”

“నవ్వుతుందనుకున్నా. ‘రేపు మా క్లాసంతా వస్తున్నాం, వాళ్ళ ముందు చెప్పు’ అంది. ఇప్పుడు నువ్వు తెర తీస్తే, లోపల కూర్చున్న ముసలాణ్ణి చూసి...”

“ఆగు. ఆ తాత... నువ్వేనా?”

“ఈ ఊళ్ళో తిమింగలమెక్కినవాడు ఇంకెవడున్నాడు?”

“అబద్ధమాడింది చాలక, దానికి నా బొమ్మని సాక్ష్యం పెట్టావా?”

“మనవరాలి మొహం చూడలేకపోతున్నా తల్లీ. రాత్రి అన్నం దగ్గర చెబుదామనుకున్నా, నోరు పెగల్లేదు. ఈ ఒక్క పూట తెర ఉంచు.”

“ఉంచితే నిన్నటి సిగ్గుకి ఇవాళ్టిది తోడు. ఉష్... ఎవరమ్మా? ఇంకా తెరవలేదు.”

“నేనే, తిల్దెని. మా క్లాసువాళ్ళు బయట కోట్లు విప్పుతున్నారు, నేను ముందు పరిగెత్తుకొచ్చా. తాతా, తొందరగా లోపలికెళ్ళి కూర్చో. నిన్నట్లా దగ్గకు. నేనంటే నీ దగ్గు గుర్తుపట్టి కూడా ఊరుకున్నా. వాళ్ళు ఊరుకోరు.”