డాక్టరు కాగితంలో చివరి వాక్యం

పోటీలకు ఇంకా అయిదు నెలల గడువుంది. అంధుల క్రీడల ప్రపంచ సమాఖ్య అధ్యక్షురాలికి వినిపించడానికి, పరుగుల పిల్ల డాక్టరు కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని చదివి, ఆపేసింది.

"అంతేనా?"

"అంతే మేడమ్."

"నాకు కళ్లు లేవు గానీ చెవులున్నాయే. చివర్లో ఊపిరి బిగబట్టావు. అదీ చదువు."

"‘ఈ నెలలోనే ఆపరేషన్ చేస్తే చూపు చాలావరకు వస్తుంది. ఆలస్యమైతే ఇక రాదు.’"

"మరి?"

"చూపొస్తే మీ రూలు ప్రకారం నాకు పోటీలో చోటుండదు. పదకొండేళ్లు పరిగెత్తాను మేడమ్. నోటి దగ్గరికొచ్చిన కూడు లాక్కోకండి. ఈ కాగితం విననట్టే ఉండండి."

"ఆ రూలు రాసింది నేనే."

"మీకేం, పుట్టినప్పట్నుంచీ ఇంతేనటగా. ఈ బాధ మీకెలా తెలుస్తుంది?"

"అలా అని అందరికీ చెప్పిందీ నేనే."

అధ్యక్షురాలి చెయ్యి బల్ల మీద తడుముకుంటూ వచ్చి కాగితం మీద ఆగింది.

"నీ వయసులో నాకు మసగ్గా కనిపించేది. ఇలాంటి కాగితమే ఇస్తే, పోటీలయ్యాక చూద్దాంలే అని పరుపు కింద దాచాను."

"గెలిచారు కదా!"

"గెలిచాను. పతకం మెడలో వేస్తుంటే మా అమ్మ నవ్వుతోందో ఏడుస్తోందో పక్కవాళ్లనడిగి తెలుసుకున్నాను."